ఫార్మా ఉద్యోగం మానేసి శ్రీకాకుళంలో ఏసీ సర్వీసు పెట్టుకోవచ్చా? మానేస్తే ఎప్పుడు?

రణస్థలం కుర్రోడు:

అందరికీ నమస్కారం. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడ్ చేశాను. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో 2021 సెప్టెంబరు నుంచి యుటిలిటీ టెక్నీషియన్‌ని, పర్మనెంటు రోల్స్. చిల్లర్లు (నీళ్ళు చల్లబరిచే పెద్ద యంత్రాలు), ఏహెచ్‌యూలు (గాలిని చల్లబరిచి గదులకి పంపే యూనిట్లు), కూలింగ్ టవర్లు చూస్తాను. మూడు షిఫ్టులు. గ్రాస్ 26,000, అందులో బేసిక్ 13,000. పీఎఫ్ 1,560, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోగా చేతికి 24,240. ఈఎస్‌ఐ లేదు, కుటుంబానికి కంపెనీ గ్రూప్ మెడికల్ పాలసీ ఉంది. ఇంట్లో నలుగురం, అప్పులేమీ లేవు.

శ్రీకాకుళం టౌన్లో ఏసీ, ఫ్రిజ్ సర్వీసు షాపు పెట్టాలని ఉంది. పాలకొండ రోడ్డు వైపు చిన్న షాపు 6,000 అద్దెకి దొరుకుతోంది. హెల్పర్‌కి 12,000 అనుకుంటున్నాను. షాపు లోపలి పని, బోర్డు, కౌంటరుకి లక్షన్నర, పనిముట్లకి లక్ష, స్పేర్లకి లక్షన్నర, మొత్తం 4 లక్షలు. చేతిలో 2 లక్షలున్నాయి, మిగతాది లోను.

2026 ఫిబ్రవరిలో మానేస్తే మార్చి నుంచి ఎండాకాలం సీజను మొత్తం దొరుకుతుంది. రోజుకి ఆరు పనులు, పనికి 600 చొప్పున నెలకి 26 రోజులు వేసుకున్నా 90 వేలు దాటుతోంది. జీతానికి మూడింతలకి పైమాటే. ఈ లెక్కలో ఏం తప్పుంది? ధైర్యం చెప్పే కథలు వద్దు, అంకెలు కావాలి.

లెక్కల మనిషి:

90 వేలని 24 వేలతో పోల్చారు. ఒకటి గల్లాపెట్టెలో పడే డబ్బు, ఇంకోటి అన్నీ పోయాక ఇంటికొచ్చే డబ్బు. పైగా మొదటిది ఏడాదిలో నాలుగు నెలలే, రెండోది పన్నెండు నెలలూ.

ముందు మీ ఉద్యోగం విలువ ఎంతో చూద్దాం. గ్రాస్ ఏడాదికి 3,12,000. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ నెలకి 1,560 (అందులో 8.33 శాతం పెన్షన్ స్కీముకి వెళ్తుంది, మిగతా 3.67 శాతం మీ పీఎఫ్ ఖాతాలో పడుతుంది), ఏడాదికి 18,720. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల బేసిక్: 13,000ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే 7,500. బోనసు తక్కువలో తక్కువ 7,000. నలుగురికి మెడికల్ పాలసీ సొంతంగా కొనాలంటే 15,000 వేసుకోండి. మొత్తం 3,60,220, అంటే నెలకి 30 వేలు. పని చేసిన ప్రతి 20 రోజులకీ వచ్చే ఒక జీతపు సెలవు, ఉద్యోగంలో ఉండగా ప్రాణం పోతే పీఎఫ్ ద్వారా కుటుంబానికి వచ్చే బీమా ఈ లెక్కలో కలపలేదు.

అంచేత షాపు మీకు మిగల్చాల్సింది 24 వేలు కాదు, 30 వేలు. అదీ ఏడాది పొడుగునా సగటున.

ఇక షాపు. స్పేర్ల ఖర్చు తీసేసి, కేవలం మజూరీ, మార్జిన్ చూద్దాం. బాగా నిలదొక్కుకున్న మనిషికి మార్చి నుంచి జూన్ దాకా నెలకి 90,000, జూలై నుంచి అక్టోబరు దాకా 45,000, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 25,000 అనుకోండి. ఏడాదికి 6,40,000. అద్దె 6,000, హెల్పర్ 12,000, పెట్రోలు 3,500, కమర్షియల్ మీటరు కరెంటు, ఫోను కలిపి 1,500. నెలకి 23,000, ఏడాదికి 2,76,000. మిగిలేది 3,64,000. నెలకి 30 వేల పైచిలుకు.

చూశారా, అన్నీ కుదిరిన ఏడాదిలో కూడా ఈ ఉద్యోగంతో సమానం, అంతే. లక్ష పనిముట్లు నాలుగేళ్ళు వస్తాయనుకుంటే నెలకి ఇంకో 2,100 అరుగుదల కింద తీసెయ్యాలి.

మొదటి ఏడాది అందులో 60 శాతం పని దొరికినా గొప్పే. 3,84,000లోంచి అదే 2,76,000 పోతే 1,08,000. నెలకి 9 వేలు. అందులోంచే లోను కిస్తీ కట్టాలి. షాపులు మూతపడేది ఇక్కడే. పని లేక కాదు, పని వచ్చినా రాకపోయినా ఒకటో తారీఖుకి అద్దె, హెల్పర్ జీతం ఆగవు గనక.

ఇదే పని షాపు లేకుండా, ఇంటి నుంచి బండి మీద మొదలుపెడితే? నెల ఖర్చు 6,000, ఏడాదికి 72,000. ఇద్దరు ఉంటే తప్ప కుదరని పనులకి (అవుట్‌డోర్ యూనిట్ ఎక్కించడం లాంటివి) 60 రోజులు కూలికి మనిషిని 700 చొప్పున పెట్టుకుంటే 42,000. 3,84,000లోంచి ఈ రెండూ పోతే 2,70,000. నెలకి 22,500. అదే మనిషి, అదే పని, షాపు తీసేసినంత మాత్రాన 9 వేలు 22,500 అయింది. ఏసీ బాగుచేయించుకునేవాడు షాపుకి రాడు, ఫోన్ చేస్తాడు. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు తెచ్చి బాగుచేసే పని పెరిగినప్పుడు షాపు తీసుకోవచ్చు.

సీఎన్‌సీ శ్రీను గల్లీ:

ఫిబ్రవరిలో మానేయడాన్ని నేను సమర్థిస్తాను. వచ్చే సీజను కోసం ఏడాది ఆగితే ఆ ఏడాదిలో వేరేవాళ్ళు వచ్చి చేరతారు. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేటల్లో ఇప్పుడు చిన్న క్లినిక్‌కి కూడా ఏసీ ఉంది. లెక్క వేసే చూడండి. షాపు లేకుండా ఆ నాలుగు నెలలు 60 శాతం పని అయినా 2,16,000. ఖర్చు 24,000, నలభై రోజుల కూలి మనిషికి 28,000 తీసేస్తే 1,64,000. ఉద్యోగంలో ఉంటే పైన వేసిన లెక్క ప్రకారం 1,20,000. 44 వేలు ఎక్కువే కదా.

లెక్కల మనిషి:

మీ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. వదిలేసింది గ్రాట్యుటీ. పర్మనెంటు ఉద్యోగికి అయిదేళ్ళ సర్వీసు నిండాలి. ఈయనకి 2026 సెప్టెంబరుకి గాని నిండదు. అప్పటికి వచ్చేది 37,500. 1,20,000లో నాలుగు నెలల వాటా 2,500 ముందే ఉంది కాబట్టి మిగతా 35,000 కలిపితే 1,55,000. తేడా 9,000కి వచ్చింది, అదీ కొత్తవాడికి మొదటి సీజనులోనే 60 శాతం పని దొరుకుతుందన్న ఊహ మీద. నాలుగేళ్ళ మీద 240 రోజులు పని చేస్తే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది గానీ, మీ హెచ్‌ఆర్ కాగితం మీద రాసిస్తే తప్ప దాన్ని నమ్ముకోవద్దు. ఫిబ్రవరికి ఎలాగూ అదీ నిండదు. అపాయింట్‌మెంట్ లెటర్లో ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంత కాలానికే అని రాసుకున్న ఉద్యోగం) అని ఉంటే మాత్రం లెక్క మారుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ. లెటర్ తీసి ఆ మాట ఉందో లేదో చూడండి.

సెప్టెంబరులో మానేయడం ఇంకా నష్టం. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 60 శాతం లెక్కన 1,14,000 వస్తుంది, ఖర్చు 36,000 పోతే ఆరు నెలలకి 78,000. నెలకి 13 వేలు. పొదుపు డబ్బులు అక్కడే కరిగిపోతాయి.

నా సలహా 2027 ఫిబ్రవరి చివర. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో చూసుకుని జనవరిలోనే రాజీనామా ఇవ్వండి. గ్రాట్యుటీలో ఆరు నెలలు దాటిన ముక్కని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. మీరు సెప్టెంబరు ఒకటీ రెండు తారీఖుల్లో చేరి ఉంటే మార్చి మొదటి వారం దాకా ఉండండి, ఆరేళ్ళ లెక్కన 45,000 వస్తుంది. నెలాఖరులో చేరి ఉంటే ఆ 7,500 కోసం మార్చి నెల సీజను వదులుకోవద్దు.

చల్లగాలి, విజయనగరం:

తమ్ముడూ, డబ్బు లెక్క పెద్దలు చెప్పారు. పని లెక్క నేను చెప్తాను. చిల్లర్ ప్లాంటు పని, ఇంటి స్ప్లిట్ ఏసీ పని ఒకటి కావు. ప్లాంట్లో లాగ్ బుక్కు, మీటర్లు, పక్కన స్టోరు, ఇంకో షిఫ్టు మనిషి ఉంటారు. ఇక్కడ రెండో అంతస్తు సన్‌షేడ్ మీద ఒక్కడివే ఉంటావు. నీకు కంప్రెసర్, కండెన్సర్ బాగా తెలుసు, ఫ్లేర్ జాయింట్లు (రాగి పైపు చివరని గరాటులా విప్పి నట్‌తో బిగించే అతుకులు) ఎన్ని వేశావు? లాభం తినేసేది అదే.

ఏటంటే, కొత్త ఇన్‌స్టలేషన్లలో గ్యాసు పోయేది ఎక్కువగా ఫ్లేర్ నట్ దగ్గరే. పైపు కోసిన అంచుకి లోపల బర్ర్ (కోసినప్పుడు మిగిలే గరుకు) తీయకుండా ఫ్లేర్ చేస్తే సన్నటి గీత పడుతుంది. ఆ గీతలోంచి గ్యాసు కారి మూడు నెలలకి కూలింగ్ తగ్గుతుంది. కస్టమరు నిన్నే పిలుస్తాడు. మళ్ళీ వెళ్ళడానికి పెట్రోలు, సగం రోజు, గ్యాసు, అన్నీ నీ జేబులోంచే. అలాంటివి నెలకి మూడు వస్తే పది మంచి పనుల లాభం పోయినట్టే.

అంచేత పద్ధతి ఇదీ. రీమర్‌తో బర్ర్ తీసేటప్పుడు పైపు మూతి కిందకి పెట్టు, పొట్టు లోపలికి పోకూడదు. ఫ్లేర్ ముఖానికి ఆ ఏసీకి సరిపడే కంప్రెసర్ ఆయిలు చుక్క రాయి. టార్క్ స్పానర్ వాడు: పావు అంగుళం నట్‌కి 15 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం నట్‌కి 50 పైచిలుకు. చేతి బలంతో బిగిస్తే ఫ్లేర్ పలచబడి చీలుతుంది. తరవాత నైట్రోజన్‌తో దశలవారీగా 400 పీఎస్‌ఐ దాకా పెంచి సబ్బు నీళ్ళు కొట్టు, గంటసేపు గేజి కదలకుండా ఉందో చూడు. నైట్రోజన్ లేదని వెల్డింగ్ షాపు ఆక్సిజన్ ఎప్పుడూ పెట్టకు, కంప్రెసర్ ఆయిలుతో కలిస్తే పేలుతుంది. ఆ తరవాత వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందకి దించాలి. సీజనులో చాలామంది వదిలేసేది ఈ మెట్టే. వదిలేస్తే లోపల తేమ మిగిలి, ఆ తేమ ఆయిలుతో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగ్‌ని తింటుంది.

గ్యాసు ఎప్పుడూ తూకం వేసే ఎక్కించు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ స్పీడు మారుతూ ఉంటుంది, గేజి చూసి ఎక్కిస్తే మోసపోతావు. నేమ్‌ప్లేట్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఆర్‌32 (ఇప్పటి ఏసీల్లో వాడే గ్యాసు) మోడళ్ళలో ఎక్కువ వాటికి కిలో లోపే. వంద గ్రాములు తేడా వచ్చినా పనితీరులో తెలుస్తుంది. ఆర్‌32కి మంట అంటుకునే గుణం కొంచెం ఉంది, కొత్త ఫ్రిజ్‌లలో ఉండే ఆర్‌600ఏ అయితే మామూలు వంటగ్యాసు జాతిదే. గ్యాసు పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో ఊది, కిటికీలు తెరిచాకే టార్చి వెలిగించాలి.

పనిముట్లకి లక్ష అన్నావు, సరిపోతుంది. వాక్యూమ్ పంపు, ఆర్‌32, ఆర్‌410ఏకి పనికొచ్చే మానిఫోల్డ్, మైక్రాన్ గేజి, డిజిటల్ తూకం, నైట్రోజన్ సిలిండరు రెగ్యులేటరుతో, మంచి ఫ్లేరింగ్ టూలు, టార్క్ స్పానర్లు, బ్రేజింగ్ టార్చి, క్లాంప్ మీటరు, గోడకి కన్నం పెట్టే హామర్ డ్రిల్లు, కోర్ బిట్టు, చిన్న ప్రెషర్ వాషరు, సర్వీసు కవరు, నిచ్చెన, సేఫ్టీ బెల్టు. బెల్టు చివర్లో రాశానని చివర కొనకు.

స్పేర్లకి లక్షన్నర దండగ. మొదట కెపాసిటర్లు (35, 40, 45, 50 మైక్రోఫారడ్‌లు, ఫ్యాన్లకి 2, 2.5), సెన్సార్లు, డ్రెయిన్ పైపు, ఫ్లేర్ నట్లు, రెండు గ్యాసు సిలిండర్లు. 25 వేలలో అయిపోతుంది. పీసీబీలు (ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డులు) మోడల్‌కి ఒకటి చొప్పున ఉంటాయి, కొని పెట్టుకుంటే మిగిలిపోతాయి. విశాఖలో ఆర్డరిస్తే మర్నాటికి బస్సులో వేస్తారు.

మన జిల్లాల సంగతి ఒకటుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు కోనాడ, చింతపల్లి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ రెక్కలు తెల్లటి పొడై రాలిపోతాయి. అక్కడ గ్యాసు ఎక్కించే ముందు కాయిల్‌ని వేలితో రాసి చూడు, పొడి రాలితే ఆ కాయిల్‌కి గ్యారంటీ ఇవ్వొద్దు, బిల్లు మీద అదే రాయి. లోపలి పల్లెల్లో సాయంత్రం వోల్టేజి పడిపోయి, తుఫాను రోజుల్లో కరెంటు పోయి వచ్చినప్పుడు ఎగదన్ని పీసీబీలు పోతాయి. పీసీబీ బాగుచేయడం నేర్చుకుంటే చలికాలం కూడా చేతి నిండా పని ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో గ్యాసు పని రాదు, బోర్డులూ గీజర్లూ వాషింగ్ మెషీన్లూ వస్తాయి.

రణస్థలం కుర్రోడు:

అందరికీ ధన్యవాదాలు. చల్లగాలి అన్నయ్యా, ఫ్లేర్ జాయింట్లు పెద్దగా వేయలేదు, నిజమే. మా అపాయింట్‌మెంట్ లెటర్లో బయట సంపాదన చేయకూడదని ఉంది. మరి 2027 దాకా చేయి తిరిగేదెలా? ఇంకోటి, లోను సంగతి ఎవరూ చెప్పలేదు. డీఐసీ (జిల్లా పరిశ్రమల కేంద్రం) ద్వారా సబ్సిడీ లోను వస్తుందంటున్నారు, తీసుకోవచ్చా?

బ్యాంకు కౌంటరు:

లోను విషయం నేను చెప్తాను బాబూ. మీరనేది పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. సర్వీసు యూనిట్‌కి ప్రాజెక్టు విలువ 20 లక్షల దాకా ఒప్పుకుంటారు. సబ్సిడీ జనరల్ వర్గానికి టౌన్లో 15 శాతం, పల్లెలో 25. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, మహిళలు, మాజీ సైనికులు, దివ్యాంగులకి టౌన్లో 25, పల్లెలో 35. సొంత వాటా జనరల్‌కి 10 శాతం, మిగతా వాళ్ళకి 5. శ్రీకాకుళం కార్పొరేషన్ హద్దు లోపల పెడితే అర్బన్, ఎచ్చెర్ల వైపు పంచాయతీలో పెడితే రూరల్. అడ్రసు మారితే పది శాతం మారుతుంది.

ఉదాహరణకి పంచాయతీలో బీసీ వ్యక్తి 3 లక్షల ప్రాజెక్టు పెడితే, సొంతంగా 15,000, బ్యాంకు 2,85,000 ఇస్తుంది. సబ్సిడీ 1,05,000 చేతికి రాదు. మీ పేరున మూడేళ్ళు డిపాజిట్‌లో ఉంచి, యూనిట్ నడుస్తోందని చూశాక లోనుకి జమ చేస్తారు. ఆ మొత్తం మీద ఈలోగా వడ్డీ వేయరు. మిగిలిన 1,80,000కి 11 శాతం వడ్డీ, మూడేళ్ళ లెక్కన నెలకి దాదాపు 5,900 కిస్తీ. యూనిట్ మధ్యలో మూస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది. ముందే మొదలుపెట్టిన పనికి ఈ స్కీము వర్తించదు, కాబట్టి పనిముట్లు కొని బిల్లులు తెచ్చాక దరఖాస్తు పెడితే లాభం లేదు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి కదలండి.

కానీ పైవాళ్ళ లెక్క ప్రకారం మీకు కావాల్సింది లక్షా పాతిక వేలు. చేతిలో 2 లక్షలున్నాయి. సబ్సిడీ వస్తోందని అక్కర్లేని మూడు లక్షలు తేవడం, దాన్ని ఖర్చు పెట్టడానికి షాపు అలంకరించడం, ఇవి కౌంటరు దగ్గర రోజూ కనిపించే పొరపాట్లు. మిగిలిన 75 వేలని మూడు నెలల ఇంటి ఖర్చుగా కదపకుండా ఉంచండి. మరీ కావాలంటే ముద్రలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఆధార్, పాన్, ఉద్యం (చిన్న వ్యాపారాల నమోదు) సర్టిఫికెట్, పనిముట్ల కొటేషన్లు, ఆరు నెలల స్టేట్‌మెంటు చాలు. ఉద్యం రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు కట్టొద్దు. పీఎం విశ్వకర్మ అని ఎవరైనా చెప్తే, అందులోని 18 వృత్తుల్లో ఏసీ మెకానిక్ లేదు.

ఉద్యోగంలో ఉండగానే చేయాల్సినవి రెండు. ఇల్లు కట్టుకునే ఆలోచన దగ్గర్లో ఉంటే హోం లోను జీతం స్లిప్పులు ఉన్నప్పుడే తీసుకోవాలి, తరవాత రెండు మూడేళ్ళ ఇన్‌కం టాక్స్ రిటర్నులు అడుగుతారు. కానీ కిస్తీ నెలకి 30 వేల సగటు వచ్చాకే భరించగలరు కాబట్టి, తొందర లేకపోతే ఆగడమే మంచిది. రెండోది టర్మ్ పాలసీ, మెడికల్ పాలసీ. మానేయకముందే సొంతంగా తీసుకోండి, కొత్త మెడికల్ పాలసీలో మొదటి నెల రోగాలకీ, పాత జబ్బులకీ వెయిటింగ్ ఉంటుంది, గ్రూప్ పాలసీ రాజీనామా రోజుతోనే పోతుంది. నిచ్చెనలెక్కే పని కనక 20 రూపాయల పీఎం సురక్ష బీమా కూడా ఖాతాలో పెట్టించండి, ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తుంది.

లెక్కల మనిషి:

పీఎఫ్ గురించి ఒక మాట. మానేయగానే తీసి వ్యాపారంలో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. అయిదేళ్ళు నిండకముందు తీస్తే టాక్సు లెక్కలోకి కూడా వస్తుంది. పెన్షన్ భాగానికి పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఇంకా లేదు. దాన్ని తీసుకోకుండా ఫారం 10సీలో స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. రేపు ఏ కారణం చేతనైనా మళ్ళీ ఉద్యోగంలో చేరితే ఈ అయిదేళ్ళూ అక్కడ కలుస్తాయి. వ్యాపారం నిలబడకపోతే వెనక్కి వచ్చే దారి అది.

జీఎస్టీ సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటాకే తప్పనిసరి. ఆ 20 లక్షల్లో మీరు బిల్లు వేసిన స్పేర్లు కూడా కలుస్తాయని మరచిపోవద్దు. ఇన్‌కం టాక్స్‌కి చిన్న వ్యాపారాల అంచనా పద్ధతి (పాత చట్టంలో 44ఏడీ) కింద వసూళ్ళలో 8 శాతం, యూపీఐ లేదా బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతం ఆదాయంగా చూపితే చాలు, పెద్ద లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. పన్ను పడకపోయినా రిటర్ను వేయండి, బ్యాంకు కౌంటరు గారు చెప్పిన రెండు మూడేళ్ళ కాగితాలు అవే. కస్టమర్ల డబ్బుకి విడిగా ఒక కరెంటు ఖాతా ఉంచుకుని, ఇంటికి నెలకి ఒక్కసారే ఒక మొత్తం మళ్ళించుకుంటే మిగిలిందెంతో తెలుస్తుంది.

గరివిడి బాయిలర్:

ఎవరూ అనలేదు కాబట్టి అంటున్నాను. మీరు పోల్చేది ఇవాళ్టి ఉద్యోగంతో. యుటిలిటీలో అయిదేళ్ళున్న మనిషి బాయిలర్ అటెండెంట్ సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీల్లో జీతం బేరమాడే స్థితి వస్తుంది. దానికి బాయిలర్ మీద పని చేసిన అనుభవం రాసి ఇవ్వాలి, కాబట్టి ఇప్పుడే మీ ఇంజినీరుని అడిగి బాయిలర్ హౌస్ షిఫ్టులు వేయించుకోండి. పరీక్ష రాస్తే పోయేదేమీ లేదు. ఎటూ 2027 దాకా ఉంటున్నారు. ఆ జీతం నెలకి 38 వేలకి చేరితే పైన లెక్కలన్నీ మళ్ళీ వేసుకోవాలి.

చల్లగాలి, విజయనగరం:

గరివిడి అన్న చెప్పింది చెయ్యి తమ్ముడూ, తప్పు లేదు.

చేయి తిరిగే సంగతి అడిగావు. బయట సంపాదన వద్దన్నారు గానీ నేర్చుకోవడం వద్దనలేదు. రెండు పాత స్ప్లిట్ ఏసీలు తుక్కు కొట్టులో కొను, ఇంటి వెనక గోడకి బిగించి విప్పి మళ్ళీ బిగించు. కాపర్ పైపు కొని ఫ్లేర్ చేసి, నైట్రోజన్ కొట్టి, మళ్ళీ కోసి, మళ్ళీ చెయ్యి. యాభై ఫ్లేర్లు వరసగా కారకుండా నిలబడితే చెయ్యి కుదిరినట్టు. ఎండాకాలంలో వీక్లీ ఆఫ్‌లకి తెలిసిన మెకానిక్ వెంట డబ్బు తీసుకోకుండా వెళ్ళు, కస్టమరుతో రేటు ఎలా మాట్లాడతాడో చూడు. ప్లాంట్లో రాని విద్య అదే.

నీ ప్లాంటు అనుభవం వృథా కాదు. ఇంటి ఏసీలు ఎవరైనా చేస్తారు. నర్సింగ్ హోములు, డయాగ్నొస్టిక్ ల్యాబులు, బట్టల షాపులు, నగల షాపుల్లో డక్టబుల్ యూనిట్లు (గొట్టాల ద్వారా చల్లగాలి పంపేవి), కాసెట్ ఏసీలు (సీలింగ్‌లో బిగించేవి), పలాస, కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్ల ఆఫీసులు, ఇవి చూసేవాళ్ళు తక్కువ. వీటికి ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) పట్టు. లేబరు మాత్రమే ఏఎంసీ అయితే ఏసీకి ఏడాదికి 1,800 వేసి మూడు సర్వీసులు చెయ్యి. యాభై ఏసీలకి 90,000. ఆ మూడింటిలో ఒకటి ఫిబ్రవరిలో, ఒకటి జూలైలో, ఒకటి నవంబరులో రాసుకో. అప్పుడు ఖాళీ నెలల్లో చేతికి పని ఉంటుంది, మే నెల రోజువారీ కాల్స్‌కి మిగులుతుంది. ఏఎంసీలన్నీ ఏప్రిల్‌లో చేస్తానని ఒప్పుకున్నవాడు సీజను మధ్యలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే.

రణస్థలం కుర్రోడు:

స్పేర్లు కూడా కలిపి ఏఎంసీ అడిగితే ఏం చెప్పాలి? కంపెనీల నుంచి డబ్బు ఆలస్యం అవుతుందంటారు, అది కూడా చెప్పండి.

చల్లగాలి, విజయనగరం:

అయిదేళ్ళు దాటిన ఏసీకి స్పేర్లతో ఏఎంసీ ఒప్పుకోకు. ఒక్క కంప్రెసర్ పోతే పది ఏసీల ఏడాది డబ్బు పోతుంది. కొత్తవాటికి ఒప్పుకున్నా కాగితం మీద కాయిల్, కంప్రెసర్, పీసీబీ, గ్యాసు మినహాయించి కెపాసిటరు, సెన్సారు, ఫ్యాను మోటారు వరకే రాయి. సంతకం పెట్టే ముందు ప్రతి ఏసీకీ నంబరేసి, ఆ రోజు గ్రిల్ ఉష్ణోగ్రత, ఆంపియర్లు, కాయిల్ ఫొటో తీసి పెట్టు. అంతకుముందే ఉన్న లోపాన్ని నీ నెత్తిన వేయకుండా అవే కాపాడతాయి.

డబ్బుకి: సగం అడ్వాన్సు, మిగతాది రెండో సర్వీసు రోజున. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు అడ్వాన్సు ఇవ్వవు. అక్కడ ఉద్యం నంబరు బిల్లు మీద వేయి. సూక్ష్మ, చిన్న యూనిట్లకి అగ్రిమెంటులో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని ఎంఎస్‌ఎంఈ చట్టం, అది దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది టాక్సులో చూపుకోలేరు. అకౌంట్స్ వాళ్ళకి ఈ రెండో సంగతి చెప్తే బిల్లు త్వరగా కదులుతుంది. ఫ్యాక్టరీ లోపల మనుషుల్ని పెట్టి చేసే కాంట్రాక్టు అడిగితే మాత్రం పీఎఫ్, ఈఎస్‌ఐ కోడ్లు అడుగుతారు. చట్టం ప్రకారం ఈఎస్‌ఐ పది మంది, పీఎఫ్ ఇరవై మంది దగ్గర మొదలైనా, వాళ్ళు ఇద్దరు మనుషులకి కూడా కోడ్ లేకుండా గేటు దాటనివ్వరు. మొదటి రెండేళ్ళు ఆ జోలికి పోకు. నువ్వు ఒక్కడివే వెళ్ళి చేసే యూనిట్లే పట్టు. ముందు ఈ జనవరిలోనే ఏడు రోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ దాకా ఒకసారి నడిచి, ఏ షాపుకి ఏ ఏసీ ఉందో, ఎన్ని టన్నులో, ఇప్పుడెవరు చూస్తున్నారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకో.